బొబ్బిలి కోట హత్యాకాండ

బొబ్బిలి కోట హత్యాకాండ 1757 జనవరి 24న, బొబ్బిలి యుద్ధం చివరి ఘట్టంలో, కోట లోపల స్త్రీలు, పిల్లలు సామూహికంగా ప్రాణాలు కోల్పోయిన సంఘటన. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. కోట ఇక నిలువదని తేలిన తరువాత బొబ్బిలి ప్రభువు గోపాలకృష్ణ రంగారావు ఆజ్ఞపై అతని మనుషులే కోట నడుమనున్న ఇళ్ళకు నిప్పుపెట్టి తమ భార్యాబిడ్డలను చంపి, ఆపై బురుజులపై పోరాడుతూ మరణించారని ఆ కాలానికి దగ్గరి చారిత్రక రచన తెలుపుతున్నది.

బొబ్బిలి యుద్ధం తెలుగునాట బుర్రకథగా, నాటకంగా, సినిమాగా ఎంతో ప్రసిద్ధి పొందింది. అయితే ఆ ప్రసిద్ధి ఎక్కువగా రంగారావు పౌరుషానికి, తాండ్ర పాపారాయుని ప్రతీకారానికి దక్కింది. కోట లోపలి ఇళ్ళలో ఆ మధ్యాహ్నం ఏమి జరిగింది, చంపినవారు ఎవరు, చనిపోయినవారి సమ్మతి అందులో ఉన్నదా అన్న ప్రశ్నలకు ఒక్కొక్క కథనం ఒక్కొక్క విధంగా సమాధానం చెబుతుంది.

ప్రదేశం

బొబ్బిలి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో విజయనగరం జిల్లాకు చెందిన పట్టణం. 18వ శతాబ్దంలో ఇది శ్రీకాకుళం సర్కారులో ఒక సంస్థానానికి రాజధాని. ఆ రోజుల్లో శ్రీకాకుళాన్ని చికాకోలు అని కూడా వ్రాసేవారు. ఈ వ్యాసంలో విజయనగరం అంటే ఉత్తరాంధ్రలోని పూసపాటి వారి సంస్థానం. తుంగభద్రా తీరంలో హంపీ రాజధానిగా వెలసిన విజయనగర సామ్రాజ్యంతో దీనికి సంబంధం లేదు. పాపారాయుని స్థావరమైన రాజాం చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో విజయనగరం జిల్లాలో చేరింది.

నేపథ్యం

బొబ్బిలి ప్రభువులు పద్మనాయక వెలమలు. వీరి మూలపురుషుడు పెదరాయుడు 1652లో శ్రీకాకుళం ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ వెంట ఈ ప్రాంతానికి వచ్చి సంస్థానాన్ని నెలకొల్పినట్లు సంస్థాన చరిత్ర చెబుతుంది. "షేర్" అనగా పులి కనుక ఆ ప్రభువు గౌరవార్థం ఊరికి "పెద్దపులి" అని పేరు పెట్టగా, అదే క్రమంగా బొబ్బిలి అయినదని ఒక కథనం.

పూసపాటి వారు క్షత్రియులు. 18వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి శ్రీకాకుళం సర్కారులోని జమీందారులందరిలోనూ వీరే బలవంతులైనారు. రెండు సంస్థానాల సరిహద్దులు ఒకదానినొకటి తాకుతూ ఉండేవి. వాగుల నీటిని బొబ్బిలి వారు తమ పొలాలకు మళ్ళించుకొంటున్నారన్నది విజయనగరం వారి ఫిర్యాదు. దీనికి వంశగౌరవాల పట్టింపు తోడైంది. రంగారావు విజయరామరాజును తనకంటె తక్కువవానిగా చూసేవాడని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ వ్రాశాడు. కథలలో కోడిపందేల వంటి చిన్న కారణాలు పెద్దవిగా కనిపిస్తాయి గాని, ఈ వైరానికి అసలు మూలం నీరు, పొలిమేర, శిస్తు అని భావించడం సమంజసం.

ఈ స్థానిక వైరంలోకి ఫ్రెంచివారు ప్రవేశించిన తీరును కొంత వివరంగా చూడాలి. 1753లో హైదరాబాదు నిజాము సలాబత్ జంగ్ తన కొలువులోని ఫ్రెంచి సైన్యపు ఖర్చు నిమిత్తం ముస్తఫానగరం (కొండపల్లి), ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను బుస్సీకి అప్పగించాడు. కాగితంపై సర్కారులు ఫ్రెంచివారివైనా, శిస్తు వసూలు మాత్రం స్థానిక జమీందారుల సహకారం లేకుండా సాధ్యమయ్యేది కాదు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారుల వసూలు బాధ్యతను విజయరామరాజు తీసుకొన్నాడు. ఆ విధంగా బొబ్బిలి వంటి చిన్న సంస్థానాలపై అతనికి పైచేయి లభించింది.

1756లో సలాబత్ జంగ్ బుస్సీని కొలువునుండి తొలగించాడు. బుస్సీ హైదరాబాదులోని చార్‌మహల్‌లో కోటకట్టుకొని కూర్చొని, చివరకు ఆగస్టులో సంధి చేసుకొన్నాడు. ఈ కొద్ది నెలలలోనే సర్కారులలో అతని అధికారం సడలింది. పలువురు జమీందారులు శిస్తు ఎగవేశారు. అతడు నియమించిన ఇబ్రహీం ఖాన్ కూడా మాట వినలేదు. ఆ సంవత్సరం నవంబరులో బుస్సీ సైన్యంతో హైదరాబాదునుండి సర్కారులకు బయలుదేరాడు. దారిలో విజయరామరాజు తన బలగంతో అతనిని కలుసుకొన్నాడు. తొలగింపు రోజులలో కూడా తనకు విధేయంగా ఉన్నందున బుస్సీకి అతనిపై నమ్మకం పెరిగింది. బుస్సీ దివాను హైదర్ జంగ్‌కు కూడా విజయరామరాజుతో మైత్రి ఉండేది. కథలలో హైదర్ జంగ్ లంచగొండిగా, కుట్రదారుగా కనిపిస్తాడు. ఇతడు 1758లో ఔరంగాబాదు వద్ద హత్యకు గురైనాడు.

రాయబారం

బొబ్బిలిని విడిచిపెడితే శ్రీకాకుళం సర్కారులోనే మరొకచోట అంతకంటె ఎక్కువ విస్తీర్ణం, ఆదాయం ఉన్న భూమి ఇస్తానని బుస్సీ రంగారావుకు కబురు పంపాడు. రంగారావు అంగీకరించలేదు. వెలమ దొరల దృష్టిలో కోటను విడిచిపోవడమంటే మానాన్ని విడిచిపోవడమే. ఆ తరువాత బొబ్బిలి అడవిలోనుండి వెళుతున్న సిపాయిల దళంపై దాడి జరిగి సుమారు ముప్పైమంది మరణించారు. ఇది రంగారావు మనుషుల పనేనని బుస్సీని నమ్మించారు. దీని వెనుక విజయరామరాజు పన్నాగం ఉండవచ్చునని ఓర్మ్ అనుమానిస్తాడు. ఈ దాడి తరువాత బుస్సీ బొబ్బిలిపై దండెత్తడానికి నిశ్చయించుకొన్నాడు.

బుస్సీకి ఆ సమయంలో బొబ్బిలికంటె పెద్ద చింతలు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. ఐరోపాలో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య యుద్ధం మొదలయింది. 1757 జనవరి మొదట్లో క్లైవు కలకత్తాను తిరిగి పట్టుకొన్నాడు. బెంగాలు నవాబు సిరాజుద్దౌలా ఫ్రెంచివారి సహాయం కోరుతున్నాడు. అటువంటి సమయంలో ఒక చిన్న మట్టికోట ముందు బుస్సీ తన ఫిరంగులను నిలిపాడు.

కోట, దాడి

ఉత్తర సర్కారుల జమీందారుల కోటలవలెనే బొబ్బిలి కోట కూడా రాతికట్టడం కాదు. బాగా మెదిపిన బంకమట్టిని వరుసవెంట వరుసగా వేసి, ఒక్కొక్క వరుస ఎండిన తరువాత పైది వేసి లేపిన గోడ అది. మూలల్లో బురుజులు ఉండేవి. చుట్టూ దట్టమైన అడవిని కావాలనే పెంచి, లోపలికి ఇరుకు దారి మాత్రమే ఉంచేవారు. ఇటువంటి గోడలో ఫిరంగి గుండు దిగబడిపోతుంది గాని గోడ ఒక్కపెట్టున కూలదు. అందువల్లనే తక్కువమంది ఉన్న బొబ్బిలి కోట ఫిరంగులను తట్టుకొని గంటల తరబడి నిలబడగలిగింది.

ఓర్మ్ లెక్క ప్రకారం బుస్సీ వద్ద 750 మంది ఐరోపా సైనికులు ఉన్నారు. వారిలో 250 మంది అశ్వికులు. నాలుగు ఫిరంగులు కూడా ఉన్నాయి. విజయరామరాజు, అతని సామంతుల సేనలతో కలిపి దేశీయ బలగం 11,000 వరకు ఉండేది. రంగారావు బావమరిది తాండ్ర పాపారాయుడు (పాపయ్య) ఆ సమయంలో రాజాంలో ఉన్నాడు. అతనికి కబురు అందకుండా శత్రువులు అడ్డుకొన్నారని బొబ్బిలి సంప్రదాయం.

జనవరి 24 తెల్లవారుతూనే ఫిరంగులు బురుజులపై కాల్పులు మొదలుపెట్టాయి. బురుజులు కొంత దెబ్బతినగానే సైనికులు నిచ్చెనలతో ఎక్కబోయారు. కోటలోనివారు బల్లేలతో, కత్తులతో వారిని నెట్టివేశారు. దాడి విఫలమైనపుడు బుస్సీ సైనికులను వెనుకకు పిలిచి మరల ఫిరంగులను పనిచేయించి మరల దాడి చేయించాడు. గోడ ఎక్కినవాడెవడూ దానిపై నిలువలేకపోయాడు. అయినా గంటలు గడిచేకొద్దీ కోటలో మనుషుల సంఖ్య తగ్గుతూ వచ్చింది.

కోట లోపలి హత్యాకాండ

ఇక కోట నిలువదని గ్రహించిన రంగారావు ముఖ్యులను పిలిచాడు. భార్యాబిడ్డలు ఐరోపావారి చేతిలో అవమానం పాలుకాకుండా, అంతకంటె హీనమని తాము తలచే విజయరామరాజు అధికారం కిందికి పోకుండా వెంటనే ఏర్పాటు చేయాలని చెప్పాడు. పెద్ద చిన్న అన్న భేదం లేకుండా కొందరిని ఆ పనికి నియమించారు. ఒక్కొక్కరూ కాగడా, బల్లెం, బాకు పట్టుకొని కోట నడుమనున్న నివాసాలకు వెళ్ళారు. కీలు, గంధకం పట్టించిన గడ్డిని వేసి ఇళ్ళకు నిప్పు అంటించారు. మంటలకు, పొగకు తాళలేక బయటకు వచ్చిన స్త్రీని గాని బిడ్డను గాని పొడిచి చంపారు. తల్లి రొమ్మును కరచుకొన్న పసిబిడ్డలను కూడా విడువలేదు. చంపినవారిలో ఆ స్త్రీల భర్తలు, ఆ బిడ్డల తండ్రులు ఉన్నారు. ఆ పని పూర్తిచేసిన తరువాత వారు మతి చలించినవారివలె గోడలపైకి తిరిగివచ్చి చావుకు సిద్ధపడ్డారు. ఇది ఓర్మ్ ఇచ్చిన వివరణ సారాంశం.

దాడిచేస్తున్న దళాలలో ఒకదానికి నాయకుడైన లా అనే ఫ్రెంచి అధికారి కోటలోనుండి లేచిన మంటలను చూశాడు. గోడలపై మనుషులు పలుచబడడం గమనించి మరల ముందుకు కదిలాడు. పలువురు పడిపోయిన తరువాత అతని సైనికులు ఒక బురుజును పట్టుకొన్నారు. దానిని కాపాడడానికి పరుగున వచ్చిన రంగారావు తుపాకి గుండు తగిలి అక్కడే మరణించాడు. అతని మనుషులు అతని చావుకు పగతీర్చుకోవాలని ఆ బురుజువైపే మూగడంతో మిగిలిన గోడలు ఖాళీ అయినాయి. అన్ని వైపులనుండి సైనికులు లోపలికి దిగారు. ప్రాణభిక్ష పెడతామన్నా బొబ్బిలి వారిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. నేలకూలిన తరువాత కూడా చేతిలోని బాకును విడువలేదు.

గోడలు దిగి లోపలికి వచ్చిన విజేతలకు కోట నడుమ కనిపించినవి కాలిన ఇళ్ళు, స్త్రీల, పిల్లల శవాలు. గెలిచినవారు ఒకరి ముఖం ఒకరు చూసుకొని మాటలేక నిలబడిపోయారనీ, కఠినులకు సైతం కన్నీరు వచ్చిందనీ ఓర్మ్ వ్రాశాడు. సంగతి విన్న బుస్సీ కోటలో అడుగుపెట్టలేదు. తన డేరాలోనే ఉండిపోయాడు.

బతికిన బాలుడు

అంతటి మారణకాండలోనూ ఒక వృద్ధుడు ఒక పసివానిని వెంటబెట్టుకొని లా వద్దకు వచ్చాడు. ఈ బాలుడు రంగారావు కుమారుడనీ, తండ్రి ఆజ్ఞను మీరి తాను ఇతనిని కాపాడాననీ చెప్పాడు. ఆ రోజు కోటలో రాజాజ్ఞను ధిక్కరించినవానిగా చరిత్రకు తెలిసినది ఈ ముసలివాడు ఒక్కడే. వీరుల పేర్లు కథలనిండా ఉన్నా, సంస్థానపు వంశాంకురాన్ని నిలిపిన ఈ మనిషిని ఓర్మ్ బాలుని సంరక్షకుడని మాత్రమే పేర్కొన్నాడు.

బుస్సీ ఆ బాలుని ఆదరించి, తండ్రికి ఇవ్వజూపిన భూమికి అతనినే ప్రభువుగా నియమిస్తూ పత్రాలు వ్రాయించాడు. శత్రువులు హాని చేయకుండా శిబిరంలో కాపలా పెట్టించాడు. ఈ బాలుడే తరువాతి కాలంలో చినరంగారావుగా ప్రసిద్ధుడైనాడు.

విజయరామరాజు హత్య

యుద్ధం ముగిసిన మూడవరాత్రి విజయరామరాజు శిబిరంలో కలకలం రేగింది. ఓర్మ్ ప్రకారం రంగారావు సైనికులలో నలుగురు, ప్రభువు పడిపోవడం చూసి, కోటలో ఒక మూల దాగి, రాత్రి గోడ దిగి సమీపపు పొదలలోకి చేరారు. భాష ఒకటే కనుక శత్రు శిబిరంలో ఎవరూ అనుమానించలేదు. రెండు రోజులు వేచి, వారిలో ఇద్దరు విజయరామరాజు డేరా వెనుకనుండి పాకి లోపలికి దూరారు. అతడు ఒంటరిగా నిద్రలో ఉన్నాడు. అతడు భారీకాయుడు, ఇతరుల సాయం లేకుండా కూర్చున్నచోటినుండి లేవడం కూడా కష్టమయ్యేది. ఇద్దరూ ఒకేసారి బాకులు దింపారు. శరీరంపై 32 గాయాలు ఉన్నాయి. కావలివారు వచ్చినపుడు పారిపోయే ప్రయత్నం చేయక, శవాన్ని చూపి తమకు తృప్తి కలిగినదని చెప్పి ప్రాణాలు విడిచారు. వారు విఫలమైతే ఆ పని పూర్తిచేస్తామని ప్రమాణం చేసిన మిగిలిన ఇద్దరు అడవిలో కాచుకొని ఉన్నారు.

ఓర్మ్ ఈ నలుగురిలో ఎవరి పేరూ చెప్పలేదు. తెలుగు సంప్రదాయంలో మాత్రం ఈ పని చేసినవాడు రాజాంనుండి ఆలస్యంగా వచ్చి బూడిదైన కోటను చూసిన తాండ్ర పాపారాయుడు. అతని వెంట దేవులపల్లి పెద్దన్న, బుద్ధరాజు వెంకయ్య ఉన్నారని చెబుతారు. పాపారాయునికి "బొబ్బిలి పులి" అన్న బిరుదు ఈ సంఘటనతోనే స్థిరపడింది. (1982లో వచ్చిన "బొబ్బిలిపులి" సినిమాకు పేరు తప్ప ఈ చరిత్రతో సంబంధం లేదు.)

అనంతర పరిణామాలు

విజయరామరాజు తరువాత విజయనగరానికి వచ్చిన ఆనందగజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. 1757 జూన్‌లో బుస్సీ విశాఖపట్నంలోని ఆంగ్లేయుల స్థావరాన్ని పట్టుకొన్నా, మరుసటి సంవత్సరం లాలీ పిలుపుపై సర్కారులను విడిచి వెళ్ళవలసివచ్చింది. అదను చూసి ఆనందరాజు విశాఖపట్నాన్ని ఫ్రెంచివారినుండి లాగుకొని ఆంగ్లేయులను ఆహ్వానించాడు. క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు 1758 డిసెంబరు 7న చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా ఆంగ్లేయుల వశమైంది. బొబ్బిలి గోడలముందు ఫ్రెంచి బలంతో గెలిచిన సంస్థానమే రెండేళ్ళు తిరగకుండా ఫ్రెంచివారి పతనానికి దారి వేసింది.

చినరంగారావు బాల్యం, యౌవనం ఎక్కువగా బందిఖానాలోనూ ప్రవాసంలోనూ గడిచాయి. విజయనగరంలో అధికారం చెలాయించిన సీతారామరాజు ఇతనిని పట్టుకొని కోటలో నిర్బంధించాడు. అక్కడినుండి తప్పించుకొని ఇతడు నిజాము రాజ్యంలో తలదాచుకొన్నాడు. 1794 జులై 10న పద్మనాభం వద్ద జరిగిన యుద్ధంలో చిన విజయరామరాజు కంపెనీ సైన్యం చేతిలో మరణించాడు. ఆ సంవత్సరమే ఈస్టిండియా కంపెనీ చినరంగారావుకు బొబ్బిలిని తిరిగి ఇచ్చింది. కోట కాలిన నాటికి అప్పటికి 37 సంవత్సరాలు గడిచాయి.

ఆధారాలు, వాటి పరిమితులు

ఈ హత్యాకాండ గురించి వ్రాసినవారంతా ఏదో ఒక స్థాయిలో ఓర్మ్‌పై ఆధారపడ్డారు. హిందూస్థానంలో బ్రిటిషువారి సైనిక చర్యలపై అతడు వ్రాసిన చరిత్ర మొదటి సంపుటం 1763లోనూ, బొబ్బిలి ఘట్టం ఉన్న రెండవ సంపుటం 1778లోనూ వెలువడ్డాయి. 1757 నాటికి అతడు మద్రాసు కౌన్సిలులో సభ్యుడు. ప్రత్యక్షసాక్షి కాడు. సంఘటనలు జరిగిన కాలానికి దగ్గరగా ఉండి సమాచారం సేకరించిన రచయిత. కాబట్టి దాడి క్రమం, సైన్యాల లెక్క వంటి విషయాలలో అతని కథనానికి విలువ ఉంది. కోటలోపలి మాటలు, రంగారావు చివరి ఉపదేశం వంటివి మాత్రం ఎవరు విని ఎవరికి చెప్పారన్నది ఆలోచించవలసిన సంగతి. లోపల ఉన్నవారిలో వాటిని చెప్పగలిగే అవకాశం ఉన్నవారు ఆ వృద్ధుడు, దాగి తప్పించుకొన్న సైనికులు వంటి కొద్దిమందే.

ఓర్మ్ దృష్టిలో నేరం ఎవరిదన్నది కూడా గమనించదగినది. అతడు ఈ చావులకు కారణంగా బొబ్బిలి వారి దురభిమానాన్ని తీవ్రంగా నిందిస్తాడు. విజేతల పశ్చాత్తాపాన్ని, బుస్సీ దయను మెచ్చుకొంటాడు. కోటపైకి ఫిరంగులు తెచ్చినవారు ఈ దుర్ఘటనకు కర్తలని ఒక్కచోట ఒప్పుకొన్నా, ఆ మాటను సాగదీయడు. విజయరామరాజును కుట్రదారుగా, ఇతరులను పరిస్థితుల చేతిలో చిక్కినవారుగా చిత్రించడంవల్ల బాధ్యత అంతా ఇద్దరు జమీందారుల మధ్య మిగిలిపోతుంది.

1869లో కార్మైకేల్ ప్రచురించిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ సంకలనం చేసిన జిల్లా గెజెటీరు కూడా ఈ యుద్ధాన్ని వర్ణించాయి. బొబ్బిలి మహారాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు ఆంగ్లంలో తమ సంస్థాన చరిత్రను ప్రకటించాడు. ఇందులో కుటుంబ సంప్రదాయాలు చేరాయి. విజయనగరం పక్షపు వాదం జనసామాన్యంలో ప్రచారానికి రాలేదు. గెలిచినవారి కథ కంటె ఓడినవారి కథే జనం నోట నిలవడం ఇక్కడి విశేషం.

జోహారుతో పోలిక

ఈ సంఘటనను కొందరు రాజపుత్రుల జోహారుతో పోలుస్తారు. చిత్తోడు కోటలో 1303, 1535, 1568 సంవత్సరాలలో జరిగిన జోహారులు ప్రసిద్ధం. దక్షిణాదిన 1327 ప్రాంతంలో ఢిల్లీ సేనలు కంపిలిని ముట్టడించినపుడు అక్కడి రాజకుటుంబ స్త్రీలు అగ్నిప్రవేశం చేశారని ఇబ్న్ బతూతా వ్రాశాడు. జోహారు వర్ణనలలో స్త్రీలు తామే అగ్నిలోకి నడిచినట్లు చెబుతారు. ఓర్మ్ వర్ణనలో అలా లేదు. నిప్పు పెట్టినవారు పురుషులు, పొడిచినవారు పురుషులు, బయటకు రాబోయినవారు స్త్రీలు, పిల్లలు. మంటలనుండి తప్పించుకోజూసినవారు ఉన్నారంటే అందరి సమ్మతితో జరిగిన ఆత్మాహుతి అని చెప్పడానికి వీలులేదు. జమీందారీ వెలమ కుటుంబాలలో ఘోషా కట్టుబాటు ఉండేది. పరపురుషుని కంటబడడమే అవమానమనే ఆ వాతావరణంలో కొందరు స్త్రీలు చావునే కోరుకొని ఉండవచ్చు. చంకబిడ్డల విషయంలో ఆ మాట కూడా చెల్లదు. ఈ కారణంగా ఈ వ్యాసంలో "ఆత్మాహుతి" అనే మాటకు బదులు "హత్యాకాండ" అనే మాట వాడబడింది.

కావ్యాలు, జానపద కథ

18వ శతాబ్దం చివరలోనే దిట్టకవి నారాయణకవి "రంగరాయ చరిత్రము" అనే పద్యకావ్యం వ్రాశాడు. సమకాలపు యుద్ధాన్ని, తుపాకులను, ఫ్రెంచివారిని ప్రబంధ మర్యాదలో ఇమిడ్చిన కావ్యం కనుక ఇది సాహిత్యచరిత్రలో ప్రత్యేకంగా లెక్కకు వస్తుంది.

జనంలో వ్యాపించినది మాత్రం పెద్దాడ మల్లేశం పేరుతో ప్రసిద్ధమైన బొబ్బిలి కథ. సంచార గాయకులు పాడే ఈ కథను జె.ఎ. బోయిల్ 1874లో "ఇండియన్ ఆంటిక్వరీ" పత్రికలో తెలుగు వీరగాథలపై వ్రాసిన వ్యాసంలో ఆంగ్ల పాఠకులకు పరిచయం చేశాడు. తరువాత మల్లంపల్లి సోమశేఖరశర్మ బొబ్బిలి యుద్ధ కథను పరిష్కరించి ప్రచురించాడు. తంబురా చేతబట్టిన కథకుడు, గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు కలిసి చెప్పే బుర్రకథలో బొబ్బిలి యుద్ధం తప్పనిసరి అంశమైపోయింది. షేక్ నాజర్ చెప్పిన బొబ్బిలి యుద్ధం 20వ శతాబ్దంలో ఎంతో పేరు పొందింది.

కథలో చెప్పే విధానం చరిత్ర గ్రంథంలోకంటె వేరు. రాణి మల్లమ్మదేవి పాత్ర ఇక్కడ పెద్దది. ఆమె పాపారాయునికి తోబుట్టువు. అన్నకు పంపిన కబురు అందకపోవడం, అతడు వచ్చేసరికి అంతా ముగిసిపోవడం అన్నవి శ్రోతలను ఏడిపించే ఘట్టాలు. ఈ అల్లికలో కోటలోని చావులు పాపారాయుని ప్రతీకారానికి పూర్వరంగంగా మారతాయి. వినేవారి మనస్సు కాలుతున్న ఇళ్ళ వద్ద ఎక్కువసేపు నిలువకుండా, విజయరామరాజు డేరావైపు మళ్ళుతుంది. రాత్రంతా కూర్చొని వినే జనానికి కథ న్యాయంగా ముగియాలంటే ఇది అవసరం కావచ్చు. అయితే దీనివల్ల పురుషుల చేతిలో స్త్రీలు చనిపోయిన కథ, స్త్రీల కోసం పురుషులు పగతీర్చుకొన్న కథగా మారింది.

నాటకాలు, సినిమాలు

20వ శతాబ్దం తొలి దశకాలలో శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి "బొబ్బిలి యుద్ధము", వేదం వేంకటరాయశాస్త్రి "బొబ్బిలి యుద్ధ నాటకము" రచించారు. సురభి వంటి నాటక సమాజాలు బలంగా ఉన్న ఆ రోజుల్లో చారిత్రక నాటకాలకు మంచి ఆదరణ ఉండేది.

సి.సీతారామ్ దర్శకత్వంలో "బొబ్బిలి యుద్ధం" సినిమా 1964 డిసెంబరులో విడుదలైంది. రంగారావుగా ఎన్.టి.రామారావు, మల్లమ్మదేవిగా భానుమతి, పాపారాయునిగా ఎస్.వి.రంగారావు, విజయరామరాజుగా రాజనాల నటించారు. రంగారావు అన్న పేరున్న నటుడు రంగారావు పాత్రను గాక పాపారాయుని పాత్రను ధరించడం చిత్రమైన సంగతి. సాలూరు రాజేశ్వరరావు సంగీతం అందించిన ఈ సినిమా పాటలు సినిమాకంటె ఎక్కువకాలం నిలిచాయి. 1986లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో, కృష్ణంరాజు కథానాయకునిగా "తాండ్ర పాపారాయుడు" వచ్చింది. మొదటి సినిమా పేరులో యుద్ధం ఉండగా, రెండవదాని పేరులో ప్రతీకారం తీర్చుకొన్న వీరుడు ఉన్నాడు. బుర్రకథలో మొదలైన మళ్ళింపు ఈ పేరుతో పూర్తయినదని చెప్పవచ్చు.

స్మారక స్తంభం

మహారాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు 1891లో పాత కోట ఉన్నచోట యుద్ధ స్మారక స్తంభం నిర్మింపజేశాడు. ఇప్పుడు బొబ్బిలిలో కనిపించే కోట, రాజభవనాలు సంస్థానం తిరిగి లభించిన తరువాతి కాలానివి. 1757 నాటి మట్టికోట గోడలు కరిగి నేలలో కలిసిపోయాయి. బొబ్బిలికి వచ్చే సందర్శకులు పట్టణంలోని కోటనే యుద్ధం జరిగిన కోటగా పొరబడుతూ ఉంటారు. హత్యాకాండ జరిగిన స్థలాన్ని చూడదలచినవారు ఈ స్తంభం వద్దకు వెళ్ళాలి.